వెనక సీటు వాసన

మా అమ్మకు కారు పడదు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఈ మాట వింటూ పెరిగాను. కొందరికి వంకాయ పడదు, కొందరికి దుమ్ము పడదు, మా అమ్మకు కారు పడదు. పెళ్లికి పిలవడానికి వచ్చిన చుట్టాలు బొట్టు పెట్టి, "నువ్వు బస్సుల రా వదినా, నీకు కారు పడదు గద" అని వాళ్లే జాగ్రత్త చెప్పి పోయేవాళ్లు. ఆమె కూడా ఔనని తలూపేది. ఆమె పొట్టి మనిషి అన్నంత మామూలుగా అందరం ఆ మాట అనుకునేవాళ్లం.

కారంటే మా బాపు అంబాసిడర్. ఒకప్పుడు తెల్లది, ఇప్పుడు మీగడ రంగుకు తిరిగింది. లాల్‌గడి మలక్‌పేట్‌లో మాకు ద్రాక్షతోట ఉండేది. కాయ బాగా పట్టిన ఒక ఏడాది, పట్నంలో ఎవరో అమ్ముతుంటే బాపు ఈ కారు కొన్నాడు. డబ్బాల్లో ద్రాక్ష సర్ది, డిక్కీ నిండా పేర్చి మార్కెట్‌కు పట్టుకుపోయేవాడు. ఆ తోట ఎప్పుడో పోయింది. పందిళ్ల రాళ్లు పీకేసి, ప్లాట్లు చేసి, ముందు పెద్ద గేటు కట్టి దాని మీద ఇంగ్లీషు పేరొకటి రాశారు. మేం మేడ్చల్‌కు మారాం. మా ఆయన ఉద్యోగం వేరే రాష్ట్రంలో కాబట్టి ఇంట్లో ఉండేది అమ్మ, బాపు, నేను, నా బిడ్డ. కారు కూడా మాతోనే వచ్చింది. ఎనభై దగ్గరపడ్డాక బాపు స్టీరింగ్ వదిలాడు గాని, ఆదివారం పొద్దున దాన్ని తుడవడం మాత్రం వదలలేదు.

నేను జీడిమెట్లలో మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తాను. అక్కడ పనిచేసేవాళ్లకు ముక్కు చచ్చిపోతుందని అంటారు. నాకు మాత్రం ఇంకా పదునెక్కింది. ఏ డబ్బా మూత సరిగా బిగించలేదో గుమ్మంలోంచే చెప్పగలను. ఆ విషయంలో నాకు కాస్త పొగరు కూడా ఉంది. అంత గొప్ప ముక్కు సొంత ఇంటి కారు దగ్గర ఇన్నేళ్లూ ఏం చేసిందని మాత్రం ఎవరూ అడగొద్దు.

ఇదంతా నా బిడ్డతో మొదలైంది. దాని స్నేహితులకు పాత కార్ల పిచ్చి. ఒక ఆదివారం ముగ్గురు ఆడపిల్లలు అంబాసిడర్ తీసుకుని శామీర్‌పేట చెరువు దాకా పోయారు. స్నేహితురాలు నడిపింది, ఎప్పుడూ ముందు కూర్చునే ఇది ఈసారి మహారాణిలా వెనక సీట్లో కూర్చుంది. తిరిగొచ్చేసరికి మొహం వాడిపోయి ఉంది. చెప్పులు కూడా విప్పకుండా గడపలోనే కూలబడింది.

"తల పగిలిపోతాంది తాతా," అంది బాపుతో. "కారుల ఏదో లీకైతాంది. పెట్రోల్ వాసన, పొగ వాసన, రెండూ వస్తున్నయ్."

బాపు వెంటనే లేచి వెళ్లి బానెట్ ఎత్తాడు. అమ్మ వంటింట్లోంచి నిమ్మకాయ నీళ్లు తెచ్చి, మనవరాలి తల నిమురుతూ బాధగా అంది, "నా పోలికొచ్చింది పొల్లకు. నా పాడు పానమే దీనికీ వచ్చింది."

"నీ పోలిక గాదు అమ్మమ్మా, సైలెన్సర్ పోలిక," అని నా బిడ్డ నవ్వేసింది.

అందరం నవ్వాం. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. నా బిడ్డ తలనొప్పి అనగానే బాపు కారును అనుమానించాడు. అమ్మ జీవితమంతా తలనొప్పి, వాంతి అంటూనే ఉంది, ఒక్కసారి కూడా ఎవరూ బానెట్ ఎత్తలేదు. ఆమె చేతికో నిమ్మకాయ ఇచ్చి వాసన చూడమనేవాళ్లం.

ముందు పెట్రోల్ వాసన సంగతి పట్టుకున్నాను. కార్బరేటర్ విప్పడం వచ్చిన మెకానిక్ మేడ్చల్‌లో ఒక్కడే మిగిలాడు. అతను కార్బరేటర్ కడిగాడు, వాషర్లు మార్చాడు, పైపులు మార్చాడు. వాసన మాత్రం అలాగే ఉంది.

"గీ బండ్లకు గా వాసన ఉంటదక్కా. అది లేకుంటె అంబాసిడరే గాదు," అన్నాడు తాపీగా.

నాకు ఒళ్లు మండింది. "మరి నీ ఇంట్ల గ్యాస్ వాసనొస్తె గూడ గిట్లనే అంటవా?" అన్నాను. అతను నొచ్చుకుని స్పానర్ల డబ్బా సర్దుకున్నాడు. తర్వాత నేనే బతిమాలి చాయ్ తాగించి మళ్లీ కూర్చోబెట్టాను.

కొన్నాళ్లు గమనించాక ఒకటి తెలిసింది. ట్యాంకు నిండా పోయించిన రోజు వాసన గుప్పుమంటోంది, సగానికి దిగాక తగ్గిపోతోంది. అంటే కారేది ట్యాంకు అడుగున కాదు, పైభాగాన. డిక్కీలో చాప ఎత్తి చూస్తే, బయట పెట్రోల్ పోసే మూతి నుంచి ట్యాంకులోకి వెళ్లే రబ్బరు గొట్టం అరటిపండు తొక్కలా మెత్తబడి, మడత దగ్గర చీలిపోయి ఉంది. గొట్టం మార్చగానే పెట్రోల్ వాసన పోయింది. బాపు సంబరంగా డిక్కీలో తలపెట్టి గట్టిగా పీల్చి, "పోయింది బిడ్డా, ఇగ మస్తుగున్నది," అన్నాడు.

పొగ వాసన అంత తేలిగ్గా లొంగలేదు. సైలెన్సర్ గొట్టాన్ని తడిగుడ్డతో మూసి ఇంజన్ ఆన్ చేస్తే, కింద ఒక అతుకు దగ్గర బుస్సుమని శబ్దం వచ్చింది. దాన్ని వెల్డింగ్ చేయించాం. ఇక అయిపోయిందనుకున్నాం. నిలబెట్టి ఇంజన్ నడిపితే నిజంగానే ఏ వాసనా లేదు. నేను నడుపుకుంటూ మేడ్చల్ బజారంతా తిరిగొచ్చినా ఏమీ తెలియలేదు. కానీ నా బిడ్డ వెనక కూర్చుని కండ్లకోయ దాకా వెళ్లి, మళ్లీ తల పట్టుకుని దిగింది.

"వాసన వెనక సీట్లనే అమ్మా. నువ్వు ముంగట కూసోని లేదంటె ఎట్ల?" అంది.

అది నిజం. ఆ కారు మా ఇంటికి వచ్చిన రోజు నుంచీ నేను వెనక సీట్లో కూర్చోలేదు. చిన్నప్పుడు ముందు సీటు పొడుగాటి బెంచీలా ఉండేది. బాపు నడిపేవాడు, కిటికీ పక్కన బాపు తమ్ముడు చిన్నాయన, మధ్యలో గారాల బిడ్డను నేను. వెనక అమ్మ, చిన్నమ్మ, సంచులు, ఒక్కోసారి డిక్కీలో పట్టని ద్రాక్ష డబ్బాలు. ముందు సీటు మగవాళ్లదని ఎవరూ చెప్పేవాళ్లు కాదు. ఎవరు ఏ తలుపు తీయాలో వాళ్ల చేతులకే తెలుసు. చిన్నమ్మ బస్సంటేనే ఇష్టమని తప్పించుకునేది. అమ్మకు తప్పేది కాదు.

మరుసటి ఆదివారం మెకానిక్‌ను నడపమని చెప్పి నేను వెనక కూర్చున్నాను. శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి ఎక్కాం. గాలి బాగా రావాలని అతను ముందు తలుపుకుండే చిన్న మూడుమూలల అద్దం తిప్పి, హాయిగా నడుపుతున్నాడు. కాసేపు నాకేమీ తెలియలేదు. తర్వాత కణతల దగ్గర బరువు మొదలైంది. నాలుక మీద ఏదో తీపి వెగటు. తుర్కపల్లి దాటేసరికి కడుపులో దేవుతోంది. ఆపమని చెప్పి దిగి, రోడ్డు పక్కన వంగి నిలబడ్డాను.

అక్కడ నిలబడ్డాకే ఆ చోటు గుర్తొచ్చింది. నా చిన్నతనంలో అమ్మ కారు దిగిపోయింది ఆ దగ్గర్లోనే.

అవ్వ, అంటే అమ్మవాళ్ల అమ్మ, గజ్వేల్ అవతల ఒక ఊళ్లో ఉండేది. ఒక పొద్దున కబురొచ్చింది, అవ్వకు బాగాలేదు, జల్దీ రమ్మని. బాపు ఉన్నపళంగా కారు తీశాడు. ముందు బాపు, చిన్నాయన, నేను. వెనక అమ్మ ఒక్కతే. శామీర్‌పేట దగ్గరే ఆమె వాంతి చేసుకుంది. నీళ్లు తాగించి మళ్లీ బయల్దేరాం. తుర్కపల్లి దాటాక రెండోసారి ఆపాల్సి వచ్చింది. ఈసారి ఆమె లేవలేకపోయింది. రోడ్డు పక్కన చెట్టు నీడన పడుకోబెట్టారు. ఇక కారెక్కితే బతకనని, బస్సులో వస్తానని అంది. అందుకని బాపు ఆమెతో అక్కడే ఆగి బస్సెక్కించాలని, చిన్నాయన నన్ను తీసుకుని కారులో ముందు పోవాలని అనుకున్నారు.

మేం సమయానికే చేరాం. అవ్వ నులక మంచం మీద ఉంది. నన్ను చూసి, "మీ అమ్మేది?" అంది. "బస్సుల వస్తాంది అవ్వా," అన్నాను. ఆమె గుమ్మం వైపు చూసింది. మళ్లీ మాట్లాడలేదు. కాసేపటికి ఎవరో నన్ను ముందుకు జరిపి, చెంచాతో అవ్వ నోట్లో నా చేత నీళ్లు పోయించారు. బస్సు వచ్చేసరికి అవ్వను వాకిట్లో పడుకోబెట్టారు. అమ్మ వీధి మొగలోంచే ఆ ఏడుపులు విని, ఉన్నచోటే కూర్చుండిపోయింది.

ఆ తర్వాత ఇన్నేళ్లలో ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆమె తిట్టుకున్నది తన ఒంటినే. అవ్వ మాట ఎప్పుడొచ్చినా, "నా పాడు పానం గాకపోతె మా అవ్వ సూపు దక్కుతుండె," అనేది. ఆ కారు మళ్లీ ఎక్కలేదు. చుట్టాల పెళ్లిళ్లు, నా పురుడు, చిన్నాయన చావు, అన్నిటికీ బస్సులే. బస్సు దొరకనిచోటికి మానేసింది.

ఆ రోజు నేను తిరుగు ప్రయాణంలో ముందు సీట్లో కూర్చున్నాను. ఇంటికి చేరేలోపే తలనొప్పి దిగిపోయింది. ఇక ఇంజన్‌తో పని లేదనిపించింది. పొగ కారు వెనక నుంచి లోపలికి వస్తోంది. ఎక్కడి నుంచి అన్నది తేలాలి.

వెనక సీట్లో వీపు ఆనించే ఒరుగు పీకించాను. డిక్కీలో పెద్ద టార్చి వెలిగించి పెట్టి, మూత వేసి, కారు మీద టార్పాలిన్ కప్పించి లోపల కూర్చున్నాను. పట్టపగలే చీకటైంది. సీటుకూ డిక్కీకీ మధ్య ఉండే అట్ట గోడలో వెలుతురు చుక్కలు కనిపించాయి. ఒకటో రెండో కాదు, ఒక వరుస కింద ఒక వరుస, తీరుగా, ఎవరో కొలిచి పెట్టినట్టు. అట్ట చివికి పడ్డ చిల్లులు అలా ఉండవు. డిక్కీ మూత అంచు పొడుగునా కూడా సన్నటి వెలుతురు గీత. అక్కడ ఉండాల్సిన రబ్బరు బీడింగ్ లేదు.

బాపును పిలిచాను. ఆయన టార్పాలిన్ ఎత్తి, నడుం పట్టుకుని లోపలికి వంగాడు. ఆ చుక్కల వరుస మీద వేలితో తడిమాడు.

"నేనే కొట్టిన," అన్నాడు.

"ఎందుకు బాపూ?"

"ద్రాక్షకు గాలాడాలని."

వేసవిలో మూసిన డిక్కీలో ద్రాక్ష ఉక్కకు చెమర్చేది. మార్కెట్‌కు చేరేసరికి అడుగు గుత్తులు మెత్తబడేవి. అందుకని కొన్న కొత్తలోనే బాపు డిక్కీ రబ్బరు పీకేసి, మధ్య గోడకు చేతి డ్రిల్లుతో వరసగా చిల్లులు కొట్టాడు. పైన రెగ్జిన్ సీటు ఒరుగు వచ్చి కూర్చుంది. తోట పోయింది, డబ్బాలు పోయాయి, ఆ చిల్లుల సంగతి ఆయనే మర్చిపోయాడు. ముందు కూర్చున్నవాళ్లం గాలి కోసం ఆ చిన్న అద్దాలు తిప్పినప్పుడల్లా, లోపలి గాలి బయటికిపోయి, దాని బదులు వెనక నుంచి గాలి లోపలికి చొచ్చుకొచ్చేది. వెనక ఉన్నది సైలెన్సర్ పొగ. అది డిక్కీలోకి వచ్చి, ఆ చిల్లుల్లోంచి నేరుగా అమ్మ తల వెనక్కి చేరేది. మేం ముందు హాయిగా గాలి పీల్చినకొద్దీ ఆమె పొగ పీల్చింది.

బాపు కారు దిగి అరుగు మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"మీ అమ్మకు చెప్పాలె," అన్నాడు.

నాకు భయమేసింది. "ఇప్పుడు చెప్పి ఏం జేస్తవ్ బాపూ. ఇన్నేండ్లు తన పానాన్ని తిట్టుకుంది, అదే అలవాటైపోయింది. అవ్వను చూడలేకపోయింది ఆమె వల్ల గాదు, మన కారు వల్లనే అని తెలిస్తె ఎట్ల తట్టుకుంటది?"

"నన్ను తిట్టనియ్. తన పానాన్నెందుకు తిట్టుకోవాలె? దానిదేం తప్పున్నది?"

నేను ఇంకా వాదించాను. మంచో చెడో, ఆమె మనసు ఒకలా కుదురుకుంది, కదపొద్దని అన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నేను కాపాడాలనుకున్నది అమ్మనా, మమ్మల్నా అన్నది నాకే సరిగ్గా తెలియదు. బాపు నా మాట వినలేదు.

మర్నాడు అమ్మ వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బియ్యం ఏరుతుంటే, ఆయన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. చిల్లుల సంగతి, రబ్బరు సంగతి, పొగ సంగతి, ఏదీ దాచకుండా చెప్పాడు. నేను గుమ్మంలో నిలబడి వింటున్నాను. అమ్మ చేతులు మొదట బియ్యంలో కదులుతూనే ఉన్నాయి, తర్వాత ఆగాయి.

"మరి మీకెందుకు రాకపాయె?" అంది.

"మేం ముంగటుంటిమి."

"ముంగట రాదా?"

"రాదు."

"గా దినం గూడ ముంగటుంటె రాకపోతుండెనా?"

బాపు తల దించుకున్నాడు. "రాకపోతుండె."

అమ్మ చాట కింద పెట్టింది. ఆమె ఏడుస్తుందని, అరుస్తుందని నేను ఎదురుచూశాను. ఆమె మెల్లగా అంది.

"ముంగట కూసోమంటె కూసుంటుంటి గద."

అందులో నిష్ఠూరం లేదు. ఒక మామూలు సంగతి చెప్పినట్టే చెప్పింది. ఆ రోజు ఆమె నన్ను వెనక్కి పొమ్మంటే నేను ఎగురుకుంటూ పోయేదాన్ని. చిన్నాయనను అడిగితే మారుమాట్లాడకుండా దిగేవాడు. అంత వాంతి చేసుకుంటున్నా ఆమె అడగలేదు, మేం అనలేదు. ఆ సీట్లో ఆమె కూడా కూర్చోవచ్చన్న ఊహ మా నలుగురిలో ఎవరికీ రాలేదు.

ఆ వారంలో మధ్య గోడకు రేకు కొట్టించాం, డిక్కీకి కొత్త రబ్బరు వేయించాం. నా బిడ్డ వెనక కూర్చుని శామీర్‌పేట పోయొచ్చి, "ఇప్పుడు మంచిగున్నది," అని నవ్వుతూ దిగింది. అమ్మను ఎక్కమని నేను అడగలేదు. అడిగే మొహం నాకు లేదు. పది రోజులు పోయాక ఆమే ఒక పొద్దున ఇస్త్రీ చీర కట్టుకుని బయటికొచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, ముందు తలుపు దగ్గర నిలబడింది.

"మా అవ్వగారి ఊరికి పోదామా?" అంది.

నేను స్టీరింగ్ దగ్గర కూర్చున్నాను. బాపు వెనక తలుపు తీసుకుని ఎక్కాడు. అమ్మ పక్కన కూర్చుని, వచ్చే వాంతి కోసం సిద్ధంగా ఉన్నట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శామీర్‌పేట చెరువు దాటాం. కొంగు అలాగే ఉంది. తుర్కపల్లి దాటాం. నేను ఓరకంట చూస్తూనే ఉన్నాను. ఆమె మెల్లగా కొంగు దించి, అద్దం కొంచెం కిందికి దింపి, పొలాల వైపు, కొత్తగా లేచిన గోదాముల వైపు చూడటం మొదలుపెట్టింది. కారులో ఎప్పుడూ కళ్లు మూసుకుని పోయిన దారిని ఆమె ఇప్పుడు మొదటిసారి కారులోంచి చూస్తోంది. ఒకచోట మొక్కజొన్న కంకులు అమ్ముతుంటే, "లేతగున్నయ్," అంది.

గజ్వేల్ దాటాం. అవ్వ ఊరి కమాను రోడ్డు పక్కనే కనిపించింది. ఇండికేటర్ వేసి, కమాను ముందు కారు ఆపాను. అమ్మకు తల నొప్పి లేదు, కడుపులో తిప్పడం లేదు. ఇంటి దగ్గర ఎలా ఎక్కిందో అలాగే ఉంది. ఆమె కమాను మీద రాసిన ఊరి పేరు చదువుకుంది. వెనక్కి తిరిగి మేం వచ్చిన రోడ్డు వైపు చూసింది.

"గింతేనా దూరం?" అంది.

"ఇంతే అమ్మా."

వెనక సీట్లో బాపు ఏడవడం నాకు అద్దంలో కనిపిస్తోంది. అమ్మ ఆయన వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. రోడ్డు వైపే చూస్తూ మళ్లీ అడిగింది.

"గింతేనా?"